కాలువ నీళ్ళలో ఆవేశం

జల సూక్ష్మజీవ పరిశోధన కేంద్రంలో ఆకొండి విశ్వేశ్వరం చేసే ఉద్యోగం ఒక్క ముక్కలో చెప్పాలంటే, కంటికి కనబడని ప్రాణులకు కరెంటు చూపించి, అవి ఎటు పోతాయో చూడటం.

వేలెడంత గాజు గొట్టం. అందులో కాలువ నీళ్ళు. అటు కొసన ఒక తీగ, ఇటు కొసన ఒక తీగ. ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు. మీట నొక్కి మైక్రోస్కోపులోకి చూస్తే బాక్టీరియాలన్నీ, బస్సు వచ్చినప్పుడు స్టాండులో జనం కదిలినట్టు, ఒక్కుమ్మడిగా ఒక పక్కకి కదులుతాయి. ఎంత దూరం ఎన్ని సెకన్లలో పోయాయో చూసుకుంటే వాటి ఒంటి మీద ఎంత విద్యుత్తు ఉందో తేలుతుంది. ఇరవై ఆరేళ్ళుగా విశ్వేశ్వరం చూస్తూనే ఉన్నాడు, అవి ప్లస్సు తీగ వైపే పోతున్నాయి. కాబట్టి వాటి పైపొర మీద ఉన్నది మైనస్సు. భగవంతుడు ఇంత చిన్న ప్రాణికి కూడా ఒక గుణం పెట్టి పంపించాడు గదా అని, మీట నొక్కే ముందు అతను రోజూ మనసులో ఒక దణ్ణం పెట్టుకునేవాడు. చదివింది బియ్యెస్సీ. పెద్ద పెద్ద సిద్ధాంతాలు అతనికి రావు. చూసింది చూసినట్టు రాయడం వచ్చు.

ఆ గుణాన్నే పట్టుకుని మూడేళ్ళు శ్రమపడి అతను ఒక ఇసుక తయారు చేశాడు. మామూలు ఏటి ఇసుకే. దానికి తుప్పు రంగు పూత ఒకటి పట్టించి పొయ్యి మీద కాల్చాడు. ఆ పూత మీద ప్లస్సు ఉంటుంది. నీళ్ళు ఆ ఇసుకలోంచి దిగేటప్పుడు మైనస్సు ఉన్న బాక్టీరియాలు రేణువులకు అతుక్కుపోయి అక్కడే ఉండిపోతాయి, నీళ్ళు మాత్రం కిందికి వస్తాయి. పరీక్షగా తానే నెల రోజులు ఆ నీళ్ళు తాగాడు. ఏమీ కాలేదు.

కాలువకు అవతలి గట్టున ప్రభుత్వ బాలికల హాస్టలు ఉంది. రెండు వందల నలభై మంది పిల్లలు ఆ కాలువ నీళ్ళే తాగుతారు. వానలు పడ్డ దగ్గర్నుంచి వారానికి పదిమంది చొప్పున విరేచనాలతో మంచాన పడుతున్నారు. హాస్టలు వార్డెను సువార్తమ్మ వంతెన దాటి వచ్చి విశ్వేశ్వరం బల్ల ముందు నిలబడింది.

"మా ట్యాంకులో ఆ ఇసక పోయించండి సార్. మీ పేరు చెప్పి ప్రార్థన చేసుకుంటామండి."

"నా పేరెందుకమ్మా. పై సంతకం ఒక్కటి పడితే మర్నాడే పోయిస్తాను," అన్నాడు విశ్వేశ్వరం.

అతను నివేదిక రాయడానికి కూర్చున్న వారమే ఒక పరిపత్రం వచ్చింది. ఇకమీదట నివేదికలన్నీ అచ్చమైన తెలుగులోనే ఉండాలి, ఒక్క ఇంగ్లీషు మాట కనబడినా దస్త్రం వెనక్కి వస్తుంది. విశ్వేశ్వరానికి సంతోషమే కలిగింది. తెలుగంటే అతనికి ఇష్టం. పదకోశం తెప్పించుకుని చూశాడు. మైనస్సు ఛార్జికి రుణావేశం అనీ, ప్లస్సు ఛార్జికి ధనావేశం అనీ ఉంది. పిల్లలు స్కూళ్ళలో చదువుకునే మాటలే. నిశ్చింతగా ఇలా రాశాడు:

'మన కాలువ నీటిలోని సూక్ష్మజీవుల ఉపరితలంపై రుణావేశం అధికముగా నున్నది. ధనావేశము గల ఇసుకతో ఈ ఆవేశమును శమింపజేయవచ్చును. బాలికల వసతి గృహమున ఇట్టి ఇసుకను వినియోగించుటకు అనుమతి ప్రార్థన.'

నాలుగో రోజున కార్యాలయ పర్యవేక్షకుడు త్రినాథరావు పిలుపు వచ్చింది. త్రినాథరావు మంచివాడు. ఆయన చేతుల మీదుగా ఇంతవరకు ఒక్క తప్పు కాగితం కూడా బయటికి పోలేదు. ఆ మాటకొస్తే ఏ కాగితమూ అంత తేలిగ్గా పోలేదు.

"కూర్చోండి విశ్వేశ్వరం గారూ. మీ దస్త్రం మీద నాలుగు అభ్యంతరాలున్నాయండి," అని ఆయన అద్దాలు పెట్టుకుని చదివాడు. "ఒకటి. ఆవేశం ఎవరికి? రెండు. ఎందుచేత? మూడు. సదరు ఆవేశం కలిగిన సమయంలో విధుల్లో ఉన్న ఉద్యోగి ఎవరు? నాలుగు. ధనావేశం గల ఇసుక అనగానేమి? ఇసుక విషయంలో ధనావేశం గలవారి సంగతులు ఈ కార్యాలయం ద్వారా వెల్లడి కావడం శ్రేయస్కరమా?"

విశ్వేశ్వరం కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఆవేశమంటే కోపతాపాలు కాదండీ. ఛార్జి. కరెంటు ఛార్జి."

"కరెంటు ఛార్జీలు మనకి సంబంధం లేదండి. అది వేరే శాఖ."

"అయ్యో, ఆ ఛార్జీలు కాదండీ! వాటి ఒంటి మీద ఉండే విద్యుత్తు."

"చూడండి. మీరు చెప్తే నాకు అర్థమైంది. నాకు అర్థమైతే ఏం లాభమండీ? దస్త్రానికి అర్థం కావాలి."

"పోనీ ఆ రెండు మాటలూ ఇంగ్లీషులో రాసిస్తాను."

"సర్క్యులర్ ఒప్పుకోదు," అని, తన నోట ఏ మాట వచ్చిందో గ్రహించి త్రినాథరావు తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. "పరిపత్రం ఒప్పుకోదండి," అని దిద్దుకున్నాడు.

ఆ నాలుగు అభ్యంతరాలతో దస్త్రం సంచాలకుల వారి గదికి ఎక్కింది. సంచాలకులు డాక్టర్ పరంజ్యోతి చేపల పొలుసుల మీద పట్టా తీసుకున్నవాడు. బాక్టీరియాల జోలికి ఎప్పుడూ పోలేదు. అయినా పరిపాలనా దక్షుడని పేరుంది. ఆయన దస్త్రం చదివి గంభీరంగా తల పంకించి, అందరినీ సమావేశపరిచాడు.

"ఇది సున్నితమైన అంశం," అన్నాడు. "మన కేంద్రం పరిధిలో ఆవేశం అధికముగా నున్నదని లిఖితపూర్వకంగా నమోదైంది. నమోదు కాకముందు మనకేమీ తెలియదు. నమోదైన తర్వాత చర్య తీసుకోకపోతే మనం ఉపేక్షించినట్టు. కాబట్టి ఆవేశ నివారణ సంఘాన్ని ఏర్పాటు చేస్తున్నాను. అధ్యక్షత నేనే వహిస్తాను. త్రినాథరావు గారు కార్యదర్శి. విశ్వేశ్వరం గారు సాక్షి."

సాక్షి విచారణ ఆ మధ్యాహ్నమే జరిగింది.

"మీరు మీట నొక్కకముందు ఆ జీవులు ఏం చేస్తున్నాయి?" అని అడిగాడు పరంజ్యోతి.

"వాటి మానాన అవి ఉన్నాయండి."

"మీట నొక్కాక?"

"ప్లస్సు... అదే, ధనం వైపు పోయాయండి."

"ధనం చూపిస్తే ఎవరు పోరయ్యా? ఎంత కరెంటు పెట్టారు?"

"వంద వోల్టులండి."

పరంజ్యోతి కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే తమ మానాన ఉన్నవాళ్ళకి వంద వోల్టులు పెట్టి రెచ్చగొట్టి, ఆవేశపడ్డారని మనమే రాశాం. సహజ న్యాయం అనేది ఒకటి ఉంది విశ్వేశ్వరం గారూ. అవతలి పక్షం వాదన వినకుండా ఎవరి మీదా ఆవేశం మోపకూడదు."

"అవతలి పక్షం బాక్టీరియాలండి."

"అయితే మాత్రం?"

మర్నాడు సంజాయిషీ తాఖీదు తయారైంది. 'ఈ కాలువ యందు నివసించు సూక్ష్మజీవులకు తెలియజేయునది ఏమనగా, మీ ఉపరితలములపై ఆవేశమున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇందుకు మీపై ఏల చర్య తీసుకొనరాదో పదిహేను దినముల లోపల తెలుపవలెను.' చిరునామా దగ్గర త్రినాథరావు కొంచెం తటపటాయించి, 'పొరుగూరి లాకు మొదలు ఈ ఊరి లాకు వరకు' అని రాసి, తాఖీదును లాకు తలుపుకు అంటింపజేశాడు. కాలువలో బట్టలు ఉతికే చాకలి పోలయ్య అది చదివించుకుని, "ఇన్నాళ్ళూ నాతోపాటు నీళ్ళలో ఉండి ఒక్క మాటా చెప్పలేదే!" అన్నాడట.

ఆ సాయంత్రం విశ్వేశ్వరం సంధ్యవార్చి లేచి భార్య శేషమాంబకు ఈ సంగతి చెప్పాడు. ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటోంది.

"ఆవేశమంటే పూనకమనుకున్నారేమోనండీ. వేపమండలు తెమ్మనలేదు, నయం."

"నవ్వులాట కాదే. అక్కడ పిల్లలు పడిపోతున్నారు."

"నవ్వులాటని నేననలేదండీ. మీరు రాసిన మాట తప్పా?"

"తప్పు కాదు. పుస్తకంలో ఉన్న మాటే."

"మరి దేవుడి ముందు మీకు భయమెందుకు? వాళ్ళకి అర్థమయ్యే మాట ఏదో ఒకటి దొరక్కపోదు."

పదిహేను రోజులు గడిచాయి. సూక్ష్మజీవుల నుంచి జవాబు రాలేదు. ఈలోగా హాస్టల్లో ఇరవై ముగ్గురు పడ్డారు. ఏడో తరగతి పిల్ల సుహాసినికి ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. సువార్తమ్మ రోజూ వంతెన దాటి వచ్చేది. మొదట్లో మాట్లాడేది. తరువాత తరువాత ఊరికే నిలబడి, విశ్వేశ్వరం ముఖం చూసి, జవాబు అక్కడే తెలుసుకుని వెళ్ళిపోయేది. ఆ చూపు అతనికి అన్నం సహించనివ్వలేదు.

జవాబు ఇవ్వకపోవడాన్ని సంఘం రెండు విధాలుగా పరిశీలించింది. మౌనం ధిక్కారమని త్రినాథరావు అభిప్రాయపడ్డాడు. మౌనం శాంతానికి చిహ్నమని అధ్యక్షులు అభిప్రాయపడ్డారు. అధ్యక్షుల అభిప్రాయం ఏకగ్రీవమైంది. దాన్ని నిర్ధారించడానికి మళ్ళీ కొలత తీయాలన్నారు. ఈసారి రెచ్చగొట్టకుండా.

"అంటేనండీ?" అన్నాడు విశ్వేశ్వరం.

"అంటే మీట నొక్కకుండా."

విశ్వేశ్వరం గాజు గొట్టంలో నీళ్ళు పోశాడు. తీగలు తగిలించాడు. మీట నొక్కలేదు. పరంజ్యోతి, త్రినాథరావు వంతులవారీగా మైక్రోస్కోపులోకి చూశారు. పావుగంట గడిచింది. బాక్టీరియాలు ప్లస్సు వైపూ పోలేదు, మైనస్సు వైపూ పోలేదు.

"ఉన్నచోటే ఉన్నాయి. కొంచెం వణుకుతున్నాయి," అన్నాడు త్రినాథరావు.

"నీళ్ళ కదలికకి అలాగే ఉంటాయండి," అన్నాడు విశ్వేశ్వరం.

"వణుకు భయానికి గుర్తు. ఆవేశానికి కాదు," అని పరంజ్యోతి తేల్చేశాడు. "రాయండి. వేగం సున్న. ఆవేశం సున్న."

అలా కాలువ నీటిలోని సూక్ష్మజీవులు శాంతస్వభావం గలవని ధ్రువపత్రం తయారైంది. ఆవేశం లేని జీవుల వల్ల ఎవరికీ హాని కలగదు గనుక ఆ నీళ్ళు తాగడానికి యోగ్యమని రెండో పేరా. ఆ నీటికి 'శాంత జలం' అని పేరు పెట్టి, హాస్టలు ట్యాంకు మీద బోర్డు వేయించాలని మూడో పేరా. విశ్వేశ్వరం ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇసుక మాట ఎక్కడా లేదు.

"ఇసుక ఎందుకండీ ఇంకా?" అన్నాడు త్రినాథరావు. "శాంతమని ధ్రువీకరించిన నీళ్ళని వడకట్టమన్నామనుకోండి, ధ్రువపత్రాన్ని మనమే అనుమానించినట్టు."

"ఆసుపత్రిలో పిల్లలున్నారండీ."

"వాళ్ళు ధ్రువపత్రానికి ముందు పడ్డవాళ్ళు."

"ధ్రువపత్రం వచ్చాక, నిన్న పడ్డ నలుగురో?"

త్రినాథరావు కలం మూత పెట్టాడు. ఆయనకీ ఆడపిల్లలున్నారు. "నేనేం చెయ్యను విశ్వేశ్వరం గారూ? కాగితం మీద లేనిది నాకు కనబడదండి. కనబడినా చూడకూడదు," అన్నాడు మెల్లిగా.

బోర్డు ఆవిష్కరణకు ముహూర్తం కుదిరింది. పై ఊరి నుంచి ప్రాంతీయ కమిషనరు గారు ముఖ్య అతిథిగా వస్తారు. కార్యక్రమ పత్రం అచ్చయింది. ప్రార్థన, స్వాగతం, ఆవిష్కరణ. నాలుగో అంశంగా 'ముఖ్య అతిథి గారును, సంచాలకుల వారును శాంత జలమును స్వీకరించుట' అని ఉంది. ఆ అంశం ఎవరు పెట్టారో తెలియదు. పరంజ్యోతి దాన్ని రెండుసార్లు చదివి విశ్వేశ్వరాన్ని పిలిపించాడు. గదిలో ఇంకెవరూ లేకుండా చూసుకున్నాడు.

"ఏమయ్యా, ఆ నీళ్ళు... ఎలా ఉంటాయంటావు?"

"శాంతంగానే ఉంటాయండి. తమరే సంతకం పెట్టారు గదండీ."

"అది కాదయ్యా. తాగితే?"

"హాస్టలు పిల్లలు తాగుతూనే ఉన్నారండి."

పరంజ్యోతి కడుపు మీద చెయ్యి వేసుకున్నాడు. విశ్వేశ్వరానికి శేషమాంబ అన్న మాట మనసులో మెదిలింది. జేబులోంచి ఒక కాగితం తీసి, బల్ల మీద పెట్టి, నిలబడే రెండు ముక్కలు రాశాడు. అందులో ఆవేశం లేదు, రుణం లేదు, ధనం లేదు. 'ముఖ్య అతిథి గారి గౌరవార్థం నీటి తొట్టియందు మేలైన ఇసుక పరచుట. అతిథి మర్యాద.'

అనుమతి నలభై నిమిషాల్లో వచ్చింది. అతను ఆ కేంద్రంలో చేరిన తర్వాత అంత వేగంగా ఏ వస్తువూ కదలగా చూడలేదు, వంద వోల్టులు పెట్టినా సరే.

ఉత్తర్వు రాసేటప్పుడు త్రినాథరావు తన అలవాటు ప్రకారం షామియానాల పాత ఉత్తర్వును చూసి రాశాడు. 'అతిథుల నిమిత్తం ఏర్పాటు చేసిన సామగ్రి, అతిథులు రావలసి ఉన్నంత వరకు యథాస్థానమున ఉంచవలెను. ప్రతిదినము పుస్తకమున వివరము రాయవలెను.' పుస్తకంలో గడులు కూడా ఆయనే గీయించాడు. తేదీ, అతిథి, సంఖ్య, పూలగుచ్ఛం, సంతకం.

మర్నాడే విశ్వేశ్వరం తన తుప్పు రంగు ఇసుకను ట్యాంకులో పోయించాడు. ఆవిష్కరణ నాడు పది గంటలకు రావలసిన కమిషనరు గారు రాలేనని ఒంటిగంటకు కబురు చేశారు. వేరొక తేదీన విచ్చేస్తారట. పరంజ్యోతి ఒక్కడే గ్లాసు ఎత్తి, కళ్ళు మూసుకుని, ఇష్టదైవాన్ని తలుచుకుని గుటకేశాడు. రెండు రోజులు ఎదురుచూశాడు. ఏమీ కాలేదు. "చూశారా, శాంత జలం!" అని అందరికీ చెప్పుకున్నాడు.

హాస్టల్లోనూ మంచాన పడటం తగ్గిపోయింది. ఆ వారం ఒక్కరు. పై వారం ఎవరూ లేరు. సుహాసిని ఆసుపత్రి నుంచి ఇంటికి పోకుండా సరాసరి తరగతికే వచ్చి కూర్చుంది. సంఘం సమావేశమై, ఇది బోర్డు మహిమ అని తీర్మానించింది.

విశ్వేశ్వరం మాత్రం రోజూ పొద్దున్నే వంతెన దాటి వెళ్ళి, ఇసుక కడిగించి, పుస్తకంలో 'ముఖ్య అతిథి గారు రావలసి ఉన్నది' అని రాసి సంతకం పెట్టి వచ్చేవాడు. అది నిజమే గనుక అతని మనసుకు కష్టం లేదు. అలా రెండు నెలలు సాగింది.

మూడో నెలలో పైనుంచి ఉత్తరం వచ్చింది. కమిషనరు గారికి వేరే ప్రాంతానికి బదిలీ అయింది. కార్యక్రమం రద్దు. కింద త్రినాథరావు ఎర్ర సిరాతో రాశాడు: 'ఇకపై రావలసిన అతిథులు లేరు కావున సామగ్రిని తొలగించి, పుస్తకము ముగించి సమర్పించవలెను.'

విశ్వేశ్వరం పుస్తకం చంకలో పెట్టుకుని వంతెన దాటాడు. సువార్తమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. కబురు అప్పటికే చేరినట్టుంది.

"తీసేస్తారా సార్?"

"తీసెయ్యమని రాశారమ్మా."

"మీరు దేవుణ్ణి నమ్మినోరండి," అంది ఆవిడ. "నేనింకేటీ అననండి."

బడి గంటకు ఇంకా పావుగంట ఉంది. పిల్లలు గ్లాసులు పట్టుకుని ట్యాంకు కుళాయి ముందు వరస కట్టారు. ముందున్నది తాగి, గ్లాసు దులిపి, వెనకదాని వీపు మీద ఒకటి చరిచి పరుగెత్తింది. ఇంకొకతె రెండో గ్లాసు పట్టుకుంటుంటే వెనకవాళ్ళు "ఏమే, కడవ తెచ్చుకోలేకపోయావా!" అని దెప్పారు. విశ్వేశ్వరం ఇసుక ఎత్తడానికి తెచ్చిన తట్టల పక్కన నిలబడి చూశాడు.

అబద్ధం రాయడం అతని వల్ల కాదు. చేతి కింది కాగితం మీద ఇన్నేళ్ళుగా చూసిందే రాశాడు. రావలసి ఉన్నది అని ఇక రాయకూడదు. మరి ఏం చూస్తున్నాడు తను? నీళ్ళు పెట్టి ఉంచారు. దాహంతో వచ్చినవాళ్ళు వచ్చి తాగుతున్నారు. ఇంటికి దాహంతో వచ్చినవాణ్ణి తన తండ్రి ఏ మాటతో పిలిచేవాడు? ఆ మాట దస్త్రానికి కొత్తేమీ కాదే.

అతను పుస్తకం తెరిచి, ట్యాంకు గోడ మీద పెట్టి రాశాడు. 'అతిథులు వచ్చారు. నీళ్ళు స్వీకరించారు. సంఖ్య రెండు వందల నలభై. రేపు కూడా రావలసి ఉన్నది.'

సాయంత్రం త్రినాథరావు పిలిచాడు. పుస్తకం ఆయన ముందు తెరిచి ఉంది.

"ఎవరండీ ఈ రెండు వందల నలభై మంది?"

"అతిథులండి."

"రేపూ వస్తారా?"

"బడి ఉన్నన్ని రోజులూ వస్తారండి."

త్రినాథరావు అద్దాలు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. బయట సంచాలకుల వారి కారు వెళ్ళిన చప్పుడు వినబడేదాకా ఆగాడు. తరువాత పుస్తకాన్ని విశ్వేశ్వరం వైపు తిప్పి, ఒక గడి మీద వేలు పెట్టాడు.

"నియమం ప్రకారం అతిథులకి పూలగుచ్ఛం ఇవ్వాలండి. ఇది ఖాళీగా వదిలేశారు. గడి ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టలేను. ఏదో ఒకటి రాయండి మహానుభావా," అని కలం మూత తీసి చేతికిచ్చాడు.

విశ్వేశ్వరం పొద్దున చూసింది చూసినట్టు రాశాడు.

'ఇవ్వలేదు. పూలు వారే జడల్లో పెట్టుకుని వచ్చారు.'